డెబిట్ కార్డు నుంచి మీకు తెలియకుండా డబ్బు పోతే: మొదటి గంట నుంచి అంబుడ్స్‌మన్ దాకా

మా నాన్న ఫోన్‌కి ఆ రాత్రి మూడు మెసేజ్‌లు వచ్చాయి. మొదటిది ఎనభై చిల్లర రూపాయలు. నాలుగు నిమిషాల తర్వాత పద్దెనిమిది వేలు. ఇంకో రెండు నిమిషాలకి మళ్లీ పద్దెనిమిది వేలు. మూడూ నోరు తిరగని ఏదో విదేశీ వెబ్‌సైట్ పేరు మీద. పొద్దున పాల ప్యాకెట్ల కోసం లేచి ఫోన్ చూసుకుంటే గానీ ఆయనకి తెలియలేదు. కార్డు బీరువాలో, పాస్‌బుక్ కవర్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు.

బ్యాంకు తలుపులు తీసేసరికి వెళ్లి నిలబడ్డారు. కౌంటర్‌లో ఉన్నాయన స్క్రీన్ చూసి, "ఓటీపీ ఎవరికో చెప్పుంటారు సార్, మేమేం చేయలేం" అన్నాడు. నాన్న మారుమాట్లాడకుండా ఇంటికొచ్చేశారు. ముప్పై ఆరు వేలు పోయినందుకన్నా, చేయని తప్పుని ఆయన నెత్తిన వేసుకుని వచ్చేయడం నాకు ఎక్కువ బాధనిపించింది. అక్కడి నుంచి నేను పట్టుకున్నాను. డబ్బు మొత్తం తిరిగొచ్చింది. ఆ దారిలో నేర్చుకున్నది వరుసగా చెప్తాను. మీ ఇంట్లో ఇలా జరిగితే టెన్షన్‌లో ఏది ముందో ఏది వెనకో తెలియదు, అందుకే.

ముందు ఒక్క నిమిషం ఇంట్లో అడగండి

ఎప్పుడో పెట్టుకున్న ఓటీటీ చందా రెన్యువల్ కావచ్చు, పిల్లలు ఫోన్‌లో గేమ్‌కి కొన్నది కావచ్చు. మెసేజ్‌లో వచ్చే వ్యాపారి పేరు ఒక్కోసారి మనకి తెలిసిన కంపెనీ పేరులా ఉండదు. అలాంటివాటికి మోసం అని ఫిర్యాదు చేస్తే అసలు ఫిర్యాదు బలం తగ్గిపోతుంది. అయితే ఈ వాకబు నిమిషంలో అయిపోవాలి. అనుమానం తీరకపోతే కార్డు ఆపేయడమే మంచిది. కొత్త కార్డుకి సాధారణంగా రెండు మూడు వందలు తీసుకుంటారు.

కార్డు ఆపండి

బ్యాంకు యాప్ ఉంటే అందులో కార్డుల విభాగంలోకి వెళ్లి బ్లాక్ చేయండి. రెండు రకాలుంటాయి: మళ్లీ మనమే ఆన్ చేసుకోగలిగే తాత్కాలిక ఆపు, శాశ్వతంగా రద్దు చేసే హాట్‌లిస్టింగ్. కంగారులో మొదటిది నొక్కినా సరే, ఆ వెంటనే రెండోది కూడా చేయించండి. కార్డు నంబరు బయటికి పోయిందంటే ఆ కార్డు ఇక పనికిరాదు.

యాప్ లేకపోతే కస్టమర్ కేర్‌కి ఫోన్. ఈ నంబరు కార్డు వెనక ఉంటుంది, పాస్‌బుక్ మీద కూడా ఉంటుంది. దయచేసి గూగుల్‌లో వెతకొద్దు. బ్యాంకు పేరుతో దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవాళ్లు ఉన్నారు. పద్దెనిమిది వేలు పోయిన మనిషి ఆ నంబరుకి చేసి, "రీఫండ్ పంపిస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పేసి మిగిలింది కూడా పోగొట్టుకుంటాడు. డబ్బు వెనక్కి వేయడానికి ఏ బ్యాంకూ ఓటీపీ గానీ పిన్ గానీ అడగదు.

ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడగండి. కార్డు బ్లాక్ చేసినందుకు ఒక నంబరు, డబ్బు పోయిందన్న ఫిర్యాదుకి ఇంకో నంబరు వస్తాయి. చాలామంది మొదటిది తీసుకుని పనైపోయిందనుకుంటారు. కార్డు బ్లాక్ చేయమన్నంత మాత్రాన డబ్బు పోయిందని ఫిర్యాదు చేసినట్టు కాదు. "ఈ లావాదేవీ నేను చేయలేదు, ఫిర్యాదు నమోదు చేయండి" అని విడిగా చెప్పాలి. నేను ఒక నోట్‌బుక్ తీసి తేదీ, టైము, మాట్లాడినవాళ్ల పేరు, రెండు నంబర్లూ రాసుకున్నాను. తర్వాత రెండు నెలలకి పైగా ఆ పేజీయే మమ్మల్ని నడిపించింది.

ఫోన్‌లో ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, అదే సమయంలో డబ్బు పోయిందంటే మీ నంబరు మీద వేరే ఎవరో సిమ్ తీసుకుని ఉండొచ్చు. వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి, ఆ వెంటనే సిమ్ కంపెనీకి కూడా చెప్పండి.

1930కి ఫోన్ చేయండి

ఇది దేశమంతటికీ ఒకటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్. దొంగ సొమ్ము ఒక ఖాతాలో ఆగదు. అక్కడి నుంచి ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి వాలెట్‌కి, చివరికి ఏటీఎంకి పోతుంది. మనం త్వరగా చెప్తే, ఏ ఖాతాలో ఎంత మిగిలి ఉందో అంతవరకు అక్కడే ఆపేయిస్తారు. గంట ఆలస్యమైతే ఖాతా ఖాళీగా దొరకొచ్చు. ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, టైము, మెసేజ్‌లో ఉన్న లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకుని ఫోన్ చేయండి. ఫిర్యాదు నంబరు వచ్చాక సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ సైట్‌లో మిగతా వివరాలు పూర్తిచేసి, స్క్రీన్‌షాట్లు జత చేసి, ఆ కాపీ దాచుకోండి.

మా విషయంలో డబ్బు విదేశీ వ్యాపారికి పోయింది కాబట్టి 1930 వాళ్లు ఆపగలిగింది లేదు. అయినా ఆ రోజే, ఆ టైముకే మేం ఫిర్యాదు చేశామన్న రుజువు దొరికింది. అది తర్వాత పనికొచ్చింది.

బ్యాంకుకి రాతపూర్వకంగా ఇవ్వండి

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇదే. కౌంటర్ దగ్గర నోటితో చెప్పింది చెప్పినట్టు కాదు. నాన్న ఆ పొద్దున బ్రాంచికి వెళ్లారనడానికి మా దగ్గర చీటీ ముక్క కూడా లేదు.

తెల్లకాగితం మీద ఇలా రాస్తే చాలు, తెలుగులో రాసినా ఫర్వాలేదు:

"బ్రాంచి మేనేజర్ గారికి. నా సేవింగ్స్ ఖాతా నంబరు ఫలానా. నా డెబిట్ కార్డు చివరి నాలుగు అంకెలు ఫలానా. ఫలానా తేదీ రాత్రి 2 గంటల 10 నిమిషాలకు, 2 గంటల 14 నిమిషాలకు, 2 గంటల 16 నిమిషాలకు నా ఖాతా నుంచి ఇంత, ఇంత, ఇంత మొత్తాలు పోయినట్టు మెసేజ్‌లు వచ్చాయి. ఈ మూడు లావాదేవీలు నేను చేయలేదు, ఎవరినీ చేయమనలేదు. ఆ సమయంలో కార్డు నా దగ్గరే ఉంది. కార్డు వివరాలు, పిన్, ఓటీపీ నేను ఎవరికీ చెప్పలేదు. ఈ లావాదేవీలకు నాకు ఓటీపీ రాలేదు. ఫలానా టైముకి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించాను, ఫిర్యాదు నంబరు ఫలానా. 1930 ఫిర్యాదు నంబరు ఫలానా. అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలపై రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఈ మొత్తాన్ని నా ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను."

ఇందులో జరిగింది మాత్రమే ఉండాలి. మీరు ఓటీపీ చెప్పి ఉంటే చెప్పలేదని రాయొద్దు. బ్యాంకు రికార్డులో అది బయటపడితే మిగతా మాటలు కూడా ఎవరూ నమ్మరు.

రెండు కాపీలు తీసుకెళ్లండి. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, సంతకం. మేనేజర్ లేరు, రేపు రండి అంటే, అక్కడే నిలబడి అదే ఉత్తరాన్ని ఫొటో తీసి బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిల్‌కి పంపండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఎఫ్‌ఐఆర్ తెస్తేనే తీసుకుంటామని కొందరంటారు. ముందు ఫిర్యాదు తీసుకుని నంబరు ఇవ్వమనండి, పోలీసు కాగితం తర్వాత జత చేస్తానని చెప్పండి. ఎఫ్‌ఐఆర్ అవసరమే అయితే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం ప్రకారం నేరం ఎక్కడ జరిగినా మీకు దగ్గర్లోని స్టేషన్‌లో ఇవ్వొచ్చు. దాన్ని జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు.

బ్యాంకు వాళ్లు డిస్ప్యూట్ ఫారం అని ఒకటి ఇస్తారు. అందులో కారణాల జాబితా ఉంటుంది: సరుకు రాలేదు, రెండుసార్లు కట్ అయింది, రద్దు చేసినా డబ్బు రాలేదు, ఇలా. మీరు టిక్ పెట్టాల్సింది "ఈ లావాదేవీ నేను చేయలేదు" అన్నదానికి. వేరేదానికి పెడితే ఆ కొనుగోలు మీరే చేశారని ఒప్పుకున్నట్టవుతుంది. ప్రతి లావాదేవీని విడి వరుసలో రాయండి. మా నాన్న ఎనభై రూపాయలదాన్ని వదిలేద్దామన్నారు, నేను పట్టుబట్టి రాయించాను. కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి దొంగలు ముందు అలా చిన్న మొత్తం లాగి చూస్తారు. ఆ చిన్న వరుసే ఇది మోసమని చెప్పే పెద్ద ఆధారం.

పోయిన డబ్బు వేరే ఊరి ఏటీఎం నుంచి తీసిందైతే, ఆ టైముకి మీరు మీ ఊళ్లోనే ఉన్నారనడానికి ఏది దొరికితే అది జత చేయండి: ఆఫీసు హాజరు, ఆసుపత్రి బిల్లు, షాపు రసీదు. ఏటీఎం సీసీ కెమెరా ఫుటేజీ భద్రపరచమని ఉత్తరంలోనే అడగండి. అది ఎల్లకాలం ఉండదు.

మూడు రోజుల లెక్క

నియమం ఇదీ. తప్పు బ్యాంకుదైతే మీరు ఎప్పుడు చెప్పినా మీ నష్టం సున్నా. తప్పు బ్యాంకుదీ కాదు, మీదీ కాదు, మధ్యలో ఇంకెక్కడో కార్డు వివరాలు పోయాయి అనుకోండి. మెసేజ్ అందాక మూడు పనిదినాల్లోపు చెప్తే అప్పుడు కూడా మీ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెప్తే మామూలు సేవింగ్స్ ఖాతాకి గరిష్ఠంగా 10,000 రూపాయలు, జన్‌ధన్ లాంటి ప్రాథమిక ఖాతాకి 5,000 రూపాయలు మీరు భరించాలి. లేదా పోయిన మొత్తం, రెంటిలో ఏది తక్కువైతే అది. ఏడు దాటితే బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీని బట్టి ఉంటుంది. మీ బ్యాంకు పాలసీ వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఫిర్యాదు రాసే ముందు తెరిచి తాజా నియమం చూసుకోండి.

మెసేజ్ వచ్చిన రోజుని లెక్కలోకి తీసుకోరు. మీ హోమ్ బ్రాంచి పనిదినాలే లెక్క. గురువారం రాత్రి మెసేజ్ వచ్చిందనుకోండి: శుక్రవారం ఒకటి, రెండో శనివారం సెలవు, ఆదివారం సెలవు, సోమవారం రెండు, మంగళవారం మూడు. అలాగని మంగళవారం దాకా ఆగొద్దు. ఆలస్యమైన ప్రతి గంటా దొంగకే లాభం.

"ఓటీపీ మీరే చెప్పారు" అంటే

మన దేశంలోని సైట్లలో కార్డుతో కొంటే సాధారణంగా ఓటీపీ అడుగుతుంది. చాలా విదేశీ సైట్లు అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనక ఉండే మూడంకెలు ఉంటే చాలు. కాబట్టి ఓటీపీ లేకుండా డబ్బు పోవడం వింతేమీ కాదు, కౌంటర్‌లో ఉన్నవాళ్లందరికీ ఆ సంగతి తెలియకపోవచ్చు.

మరి నాన్న కార్డు విదేశీ సైట్లో ఎలా పనిచేసింది? 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నియమం వల్ల కొత్త కార్డులకి అంతర్జాతీయ వాడకం ఆఫ్‌లోనే ఉంటుంది, మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. రెండేళ్ల కిందట అమ్మానాన్న డాలస్‌లో అక్క దగ్గర ఆరు నెలలు ఉండి వచ్చారు. బయల్దేరే ముందు ఆన్ చేయించాం, వచ్చాక ఆఫ్ చేయడం అందరం మరిచిపోయాం. పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన అమ్మానాన్నలు మీ ఇంట్లోనూ ఉంటే, ఇది చదువుతుండగానే వాళ్ల కార్డు చూడండి.

రిజర్వు బ్యాంకు ఆదేశంలో ఇంకో మాట స్పష్టంగా ఉంది: తప్పు కస్టమర్‌దేనని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుది. మీరు నిర్దోషినని నిరూపించుకోనక్కర్లేదు. అందుకే ఓటీపీ మాట వచ్చినప్పుడు వాదన పెట్టుకోకుండా రాతలో అడగండి: ఓటీపీ ఏ నంబరుకి, ఎన్ని గంటలకి పంపారు? ఈ లావాదేవీకి అసలు ఓటీపీ వాడారా? వ్యాపారి ఎవరు, ఏ దేశం? మేం ఈ ప్రశ్నలు ఈమెయిల్ చేశాక ఓటీపీ ఊసు మళ్లీ రాలేదు.

మెసేజ్ వచ్చినా మీరు వెంటనే స్పందించలేదు కాబట్టి మా బాధ్యత లేదని కూడా అంటారు. ఎస్ఎంఎస్‌కి జవాబివ్వలేదన్న ఒక్క కారణంతో బ్యాంకు తప్పించుకోలేదని 2019లో కేరళ హైకోర్టు చెప్పింది.

నిజంగానే ఓటీపీ చెప్పేసి ఉంటే

సిగ్గుపడి ఊరుకోకండి. చదువుకున్నవాళ్లు కూడా మోసపోతున్నారు. నియమం మాత్రం కఠినంగా ఉంది: పిన్, ఓటీపీ మన చేతులతో ఇస్తే, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మన నష్టమే. చెప్పిన తర్వాత పోయేది బ్యాంకుది. అందుకే ఇక్కడ నిమిషాలు ముఖ్యం, 1930 ఇంకా ముఖ్యం. ఏటీఎం దగ్గర డబ్బు తీసిపెట్టమని పక్కనున్న కుర్రాడికి కార్డు, పిన్ ఇచ్చే పెద్దవాళ్లు మన ఊళ్లలో చాలామంది. బ్యాంకు దాన్ని కూడా నిర్లక్ష్యం కింద చూపిస్తుంది.

అయినా ఫిర్యాదు మానొద్దు. గౌహతిలో ఒకాయన ఆన్‌లైన్‌లో కొన్నది వాపస్ ఇవ్వబోతే కంపెనీ మనిషినంటూ ఫోన్ వచ్చింది. వాడు చెప్పిన యాప్ దించుకున్నాడు. 94,204 రూపాయలు పోయాయి. 24 గంటల్లోపే బ్యాంకుకి చెప్పాడు. నిర్లక్ష్యం నీదే అని బ్యాంకు వాదించింది. హైకోర్టు బ్యాంకే కట్టాలంది. 2025 జనవరి 3న సుప్రీంకోర్టు ఆ తీర్పుని మార్చడానికి ఒప్పుకోలేదు. ఆయనకి కలిసొచ్చిన వాటిలో ఆ 24 గంటలు ఒకటి.

పది రోజులు, తొంభై రోజులు

ఫిర్యాదు అందిన పది పనిదినాల్లో పోయిన మొత్తాన్ని బ్యాంకు మీ ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలి. దాన్ని షాడో రివర్సల్ అంటారు. విచారణ అయ్యేదాకా చాలా బ్యాంకులు దాన్ని వాడుకోనివ్వవు, బ్యాలెన్స్‌లో కనిపిస్తుంది కానీ హోల్డ్‌లో ఉంటుంది. మాకు తొమ్మిదో పనిదినాన పడింది. నాన్న చూసి వచ్చేసిందనుకున్నారు. ఇంకా కాదు, లెక్క తేలేదాకా ముట్టుకోవద్దన్నాను.

ఈలోగా మీ బ్యాంకు, కార్డు నెట్‌వర్క్ (వీసా, రూపే లాంటివి) ద్వారా ఆ వ్యాపారి బ్యాంకుని డబ్బు వెనక్కి అడుగుతుంది. అదే చార్జ్‌బ్యాక్. దాని ఫలితం ఎలా ఉన్నా మీ ఫిర్యాదు 90 రోజుల్లో తేల్చాలి. జమ చేసేటప్పుడు డబ్బు పోయిన తేదీ నుంచే ఉన్నట్టుగా వేయాలి, అంటే వడ్డీ కూడా పోకూడదు. పాస్‌బుక్‌లో అది చూసుకోండి. పది రోజులకి ఒకసారి పాత ఫిర్యాదు నంబరు రాసి, పరిస్థితి ఏమిటని ఈమెయిల్ పెడుతూ ఉండండి.

ఇంకో రెండు రకాలు దీనితో కలిపేయొద్దు. ఏటీఎంలో నోట్లు రాకుండా ఖాతాలో కట్ అయితే అది మోసం కాదు, విఫలమైన లావాదేవీ. ఐదు రోజుల్లో వెనక్కి పడాలి, దాటితే రోజుకి 100 రూపాయలు చొప్పున బ్యాంకు కట్టాలి. కార్డే వాడకుండా వేలిముద్రతో డబ్బు తీసినట్టు ఉంటే అది ఆధార్ ద్వారా పోయింది. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేసి, ఫిర్యాదులో ఆ మాటే రాయండి. అమెరికాలో ఉండేవాళ్లు అక్కడి బ్యాంకు కార్డు గురించి అడుగుతుంటారు. అక్కడి చట్టం వేరు, ఈ గడువులు దానికి వర్తించవు.

బ్యాంకు కాదంటే

ముందు బ్యాంకులోనే నోడల్ ఆఫీసర్‌కి, అంటే ఫిర్యాదులు చూసే పై అధికారికి రాయండి. మొదటి ఫిర్యాదు ఇచ్చి 30 రోజులైనా జవాబు రాకపోతే, లేదా వచ్చిన జవాబు అన్యాయంగా ఉంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి దగ్గరికి వెళ్లొచ్చు. సీఎంఎస్ డాట్ ఆర్‌బీఐ డాట్ ఓఆర్‌జీ డాట్ ఇన్ సైట్‌లో ఫిర్యాదు పెట్టాలి. పైసా ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు. సందేహాలుంటే 14448కి ఫోన్ చేస్తే తెలుగులో కూడా చెప్తారు. ముద్ర వేసిన ఉత్తరం ఇక్కడే పనికొస్తుంది. బ్యాంకుకి ముందు రాసినట్టు ఆధారం లేకపోతే ఫిర్యాదు తిరిగొచ్చేస్తుంది. పోలీసు కేసు నడుస్తున్నా ఇక్కడికి రావచ్చు. వినియోగదారుల కమిషన్‌లో ఇదే విషయం మీద కేసు వేసి ఉంటే మాత్రం తీసుకోరు. కాబట్టి ముందు అంబుడ్స్‌మన్, అక్కడ తేలకపోతే కమిషన్.

1930 ద్వారా ఎక్కడో ఖాతాలో మీ డబ్బు ఆగి ఉంటే అది దానంతటది రాదు. కోర్టు ఉత్తర్వు కావాల్సి రావచ్చు. తెలంగాణలో ఇలాంటివి లోక్ అదాలత్‌లలో కూడా తేలుస్తున్నారు. మీ కేసు చూస్తున్న సైబర్ పోలీసులని దాని గురించి అడగండి.

మా ఫిర్యాదు అంబుడ్స్‌మన్ దాకా పోలేదు. డెబ్బై రోజులకి బ్యాంకు నుంచి రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది, హోల్డ్ తీసేశారు. నాన్న పాస్‌బుక్ ప్రింట్ చేయించుకుని, ఎనభై చిల్లర రూపాయల వరుస కింద పెన్సిల్‌తో గీత గీసి నాకు వాట్సాప్‌లో ఫొటో పంపారు. కొత్త కార్డు వచ్చిన రోజు నేను ఫోన్‌లో చెప్తుంటే ఆయనే యాప్ తెరిచి అంతర్జాతీయం ఆఫ్ చేశారు, ఆన్‌లైన్ ఆఫ్ చేశారు, రోజుకి ఏటీఎం పరిమితి ఐదు వేలకి తగ్గించారు. తర్వాత పక్కింటి మాస్టారుగారిని పిలిచి ఆయన కార్డుకి కూడా అదే చేయించారు.